వెళ్ళమన్న మనిషి

"గడువు దాటాక కూడా మీరు ఆ దేశంలో ఎందుకు ఉండిపోయారు?"

ఈ ప్రశ్న వేసేటప్పుడు, వీసా ఇంటర్వ్యూలకి తర్ఫీదు ఇచ్చే కన్సల్టెంటు గొంతు మార్చేవాడు. మామూలుగా ఆయన ముక్కుతో మాట్లాడే మనిషి. వీసా అధికారి వేషం కట్టగానే ఆ గొంతు కాస్తా ఛాతీలోకి దిగిపోయేది. కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి దించి, ఎదుటి మనిషిని దొంగను చూసినట్టు చూసేవాడు.

ఎదురు కుర్చీలో ఉన్నది పళ్ళమ్మాయి.

వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మేనమామ నడిపే కట్టుడుపళ్ళ పనిశాలలో పెరిగిన పిల్ల. ఆ పేరు విని కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు సంచీ పట్టుకుని పళ్ళకోసం వస్తే, "మా దగ్గరున్నవి కొరుక్కునే పళ్ళు కావమ్మా, కొరికే పళ్ళు" అని మేనమామ నవ్వేవాడు. ఆమె మాత్రం పళ్ళతో ఆగదలచుకోలేదు. రోగానికో ప్రమాదానికో ముక్కూ చెవీ కోల్పోయినవాళ్ళకి అచ్చం అలాంటివే చేసి అమర్చే విద్య ఒకటుందని తెలిసి, అది నేర్చుకోవడానికి దేశం దాటింది. చివరి విడత ఒక్కటే మిగిలింది. దానికి ఇంటికి వచ్చి కొత్త వీసా తెచ్చుకోవాలి. పాతదాని గడువు దాటాక నెల పైచిలుకు ఆమె అక్కడే ఉండిపోయింది. అదీ ఇప్పుడు మెడకు చుట్టుకున్న తాడు. ఈసారి రాకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కాలేజీ వాళ్ళు తెగేసి రాశారు.

"నాతో గదిలో ఉండే అమ్మాయికి ఒంట్లో బాగోలేదండీ. అందుకని..."

"ఆగు." కన్సల్టెంటు తన సొంత గొంతులోకి వచ్చేశాడు. "ఈ స్నేహితురాలు ప్రతివాళ్ళకీ ఉంటుందమ్మా. ఒకడి స్నేహితుడు కాలు విరగ్గొట్టుకుంటాడు. ఇంకొకడి స్నేహితుడికి తండ్రి పోతాడు. వినీ వినీ వాళ్ళ చెవులు కాయలు కాశాయి. నీకే జబ్బు చేసిందని చెప్పు. పచ్చకామెర్లు. డాక్టరు సర్టిఫికెట్ సంగతి నాకొదిలెయ్."

"నాకు రాలేదు కదండీ."

"రాలేదు కాబట్టే కదా సర్టిఫికెట్ తెప్పిస్తున్నది."

ఆయన చెడ్డవాడేం కాదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళు గట్టెక్కాలన్న ఆరాటమే తప్ప వేరే దురాశ లేదు. చెప్పే మాటకీ చూపించే కాగితానికీ పొంతన కుదరాలనీ, ఒక్క ముక్క అటూ ఇటూ అయినా తీగ లాగి డొంకంతా కదుపుతారనీ ఓపిగ్గా బోధించాడు. ఆ స్నేహితురాలి ఆస్పత్రి కాగితాలే దొరికితే పచ్చకామెర్ల గొడవే అక్కర్లేదని కూడా అన్నాడు. అవి ఎవరి దగ్గరున్నాయో పళ్ళమ్మాయికి తెలుసు. వాటిని అడగననీ, ఆమె పేరు ఎక్కడా చెప్పననీ మాట ఇచ్చిన సంగతి ఆయనకు చెప్పలేదు. వచ్చేటప్పుడు ఆయన ఆ సర్టిఫికెట్ ఆమె చేతిలో పెట్టాడు. ముందే తెప్పించి ఉంచాడన్నమాట.

పనిశాలలో మేనమామ ప్లాస్టరు కలుపుతున్నాడు. గిన్నెను బల్ల అంచుకు తడుతుంటే గాలి బుడగలు పైకి తేలి పగులుతున్నాయి. ఆమె ఏప్రను కట్టుకుని, ఎవరో పెద్దావిడ పైదవడకి మైనంలో పళ్ళు పేర్చడానికి కూర్చుంది. చాకు మొనను దీపం మీద వేడి చేసి, మైనం కరిగించి, పన్ను పెట్టి, అది గట్టిపడేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. ఆ రోజు ఒక్క పన్నూ కుదురుగా నిలబడలేదు. పీకి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పీకింది.

"ఆవిడ నోట్లో పళ్ళు ఊడితే ఊడాయి, నువ్వు మైనంలోవి కూడా ఊడబెరుకుతున్నావేమే?" అన్నాడు మేనమామ.

ఆమె ఉన్నదంతా చెప్పింది. ఆయన గిన్నె తట్టడం ఆపకుండానే విన్నాడు. ప్లాస్టరు అచ్చులోకి వంచి, అంచులు గీకి, చెయ్యి తుడుచుకున్నాక గానీ మాట్లాడలేదు.

"మాట ఇచ్చింది నువ్వు. పుచ్చుకున్నది నీ స్నేహితురాలి తల్లి. బాగానే ఉంది. మధ్యలో ఆ పిల్లను ఎవరైనా అడిగారా?"

"దాన్ని కదిలించకూడదు మావయ్యా. ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది."

"ఊఁ," అన్నాడాయన. ఆ 'ఊఁ' లో ఒప్పుకోలు ఎంతుందో, ఒప్పుకోకపోవడం ఎంతుందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ పిల్లకు కాలేజీ వాళ్ళు పెట్టిన పేరు నిచ్చెన. అంత పొడుగు. తలుపు వచ్చిన ప్రతిచోటా మెడ వంచుతుంది. ఇచ్చిన మాటను కూడా పక్కన పెట్టి ఆ సాయంత్రం పళ్ళమ్మాయి వాళ్ళింటికి వెళ్ళింది. నిచ్చెన పనిలో ఉంది, ఇంకా రాలేదు. ఆ వేళ చూసుకునే వెళ్ళింది మరి. తల్లి తలుపు సగం తీసి, ఎవరో చూసి, మిగతా సగం తీయడానికి కొంచెం సేపు పట్టింది.

కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. కాగితాల మాట ఎత్తగానే ఆవిడ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"తల్లీ, నువ్వు మాకు చేసిన మేలు ఈ జన్మకి మరిచిపోం. నీ పేరు చెప్పుకుని దీపం పెట్టుకోవాలి మేం. కానీ ఆ కాగితం గవర్నమెంటు వాళ్ళ చేతిలో పడితే, రేపు అది ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? కొట్లో పని దొరికింది. నలుగురితో నవ్వుతోంది. పిచ్చి అని ఒక్క ముద్ర పడిందంటే దాని బతుకేం కావాలి?"

"పేరు కొట్టేసి ఇచ్చినా చాలు పిన్నిగారూ."

"పేరు కొట్టేస్తే ఆ కాగితానికి విలువేముంది? ఉంచితే నా కూతురికి విలువేముంది?" ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు వచ్చినట్టు కూడా దానికి చెప్పను. నువ్వూ చెప్పకు."

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పళ్ళమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తనే తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టి వచ్చేసింది.

వీసా ఆఫీసులో కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. నంబరు పిలిచినప్పుడల్లా కూర్చున్న వరుస మొత్తం అదిరేది. పళ్ళమ్మాయి సర్టిఫికెట్‌ను సంచీలో అన్నిటికన్నా పైన పెట్టుకుంది. చెయ్యి దాని మీదే ఉంది. పచ్చకామెర్ల కథ రాత్రంతా వల్లె వేసింది. ఏ తేదీన నీరసం మొదలైందో, ఏ రోజు కళ్ళు పచ్చబడ్డాయో, అన్నీ నోటికి వచ్చాయి.

అధికారిణి నడివయసు మనిషి. జలుబు చేసినట్టుంది, గొంతు బొంగురుపోయి ఉంది. ఎదురుగా ఉన్న కాగితాలను చేత్తో ముట్టుకోకుండా పెన్సిలు వెనక కొసతో ఒక్కొక్కటే తిప్పుతోంది. కాలేజీ గురించి అడిగింది, ఎవరు చదివిస్తున్నారో అడిగింది. తరువాత పెన్సిలు ఒకచోట ఆగింది. గొంతేమీ మార్చలేదు. కళ్ళజోడూ దించలేదు.

"గడువు దాటాక ఎందుకు ఉండిపోయారు?"

సంచీలో చెయ్యి కాగితం అంచు పట్టుకుంది. ఆ క్షణాన పళ్ళమ్మాయికి కళ్ళ ముందు కనిపించింది పచ్చకామెర్లు కాదు. బీరువాకీ గోడకీ మధ్య ఉన్న ఇరుకు సందులో, అంత పొడుగు మనిషీ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవడం.

చెయ్యి బయటికి తీసింది. ఖాళీ చెయ్యే వచ్చింది.

తనతో గదిలో ఉన్న అమ్మాయికి మనసు బాగోలేదనీ, తిండి మానేసిందనీ, వారాల తరబడి నోరే విప్పలేదనీ చెప్పింది. స్నానాల గది తలుపు గడియ ఊడదీసి దాచానని చెప్పింది. ఆమె అన్నయ్య బయలుదేరాలంటే ఆయనకీ వీసా రావాలి, అది ఆలస్యమైంది. ఈలోగా తన గడువు దాటిపోయింది. ఆయన వచ్చి చెల్లెల్ని తీసుకెళ్ళిన మర్నాడే తనూ బయలుదేరింది.

"అక్కడి ఆఫీసుకు వెళ్ళి ఆ సంగతి చెప్పి, గడువు పెంచమని ఎందుకు అడగలేదు?"

"తోచలేదండీ. అది నా తప్పే."

"ఆమె పేరు?"

"చెప్పనని మాట ఇచ్చాను."

"ఆస్పత్రి కాగితాలు?"

"నా దగ్గర లేవు."

పెన్సిలు బల్ల మీద చిన్నగా టకటకలాడింది. "మళ్ళీ అలాంటి పరిస్థితే వస్తే, గడువుకు వెళ్ళిపోతారా?"

ఈ ప్రశ్నకి జవాబు కన్సల్టెంటు ముందే నేర్పాడు. తప్పకుండా వెళ్ళిపోతాను అనాలి, అదీ తడుముకోకుండా. పళ్ళమ్మాయి తడుముకుంది.

"ముందు అక్కడి ఆఫీసుకు వెళ్ళి చెబుతాను. ఆ మనిషిని ఎవరికైనా అప్పజెప్పి వెళ్తాను. అప్పజెప్పడానికి ఎవరూ లేకపోతే... వెళ్ళలేనండీ."

పక్క కిటికీ దగ్గర ఎవరో నవ్వుతూ థాంక్స్ చెబుతున్నారు. అధికారిణి, పేరూ కాగితమూ లేని మాటను తను దేని ప్రకారం నమ్మాలని అడిగింది. ఎల్లుండి మధ్యాహ్నం లోపల ఆ స్నేహితురాలే వచ్చి మాట్లాడితే వింటానంది. రాకపోతే ఉన్నదాన్ని బట్టి తేల్చేస్తానంది.

సంగతి విని కన్సల్టెంటు తల పట్టుకున్నాడు. నోటి దాకా వచ్చిన ముద్దను చేజేతులా నేలపాలు చేసుకున్నావన్నాడు. కాసేపటికి తేరుకుని, సరే, ఆ పిల్లను తీసుకురా, ఇద్దరికీ కలిపి తర్ఫీదు ఇస్తాను, ఇద్దరి మాటా ఒక్కటిగా ఉండాలి అన్నాడు.

మర్నాడు పళ్ళమ్మాయి కర్టెన్ల కొట్టు దాకా వెళ్ళింది. పెద్ద అద్దం వెనక నిచ్చెన గుడ్డ కొలుస్తోంది. స్టూలు ఎక్కకుండానే పై కమ్మీకి చెయ్యి అందించి, బరువైన గుడ్డ తాను మొత్తాన్ని జారవిడిచి, మడతలు చేత్తో సవరిస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులు తీయకుండానే ఎవరో ఆవిడతో ఏదో అంటే ఆవిడ పగలబడి నవ్వింది. భుజాలు నిటారుగా ఉన్నాయి. మెడలో టేపు వేలాడుతోంది.

ఈ మనిషిని పట్టుకుని, వచ్చి నీ జబ్బు గురించి అధికారి ముందు చెప్పమని ఎలా అడగడం? పళ్ళమ్మాయి అద్దం ముందు నుంచే వెనక్కి తిరిగింది. పోతే పోయింది చదువు అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా లేదది. ఇల్లు చేరేదాకా దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

గడువు రోజు పొద్దున్నే పనిశాల షట్టరు కింద నుంచి ఒక తల వంగి లోపలికి వచ్చింది.

"నిన్న మా కొట్టు అద్దం ముందు నిలబడి దొంగచూపులు చూసి పారిపోయావు. కర్టెన్లు కావాలా?"

మేనమామ చప్పుడు చెయ్యకుండా లేచి, పాలిష్ చెయ్యాల్సిన దవడ ఒకటి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. మోటారు చక్రం రొద మొదలైంది. కట్టుడుపళ్ళు నిండిన ట్రేల మధ్య నిచ్చెన చిన్న స్టూలు మీద ఇమడలేక ఇమిడి కూర్చుంది.

పళ్ళమ్మాయి ముందు బుకాయించింది. తరువాత తల దించుకుని చెప్పింది. వింటున్నంతసేపూ నిచ్చెన చేతికి దొరికిన ఒక మైనం ముక్కను నలుపుతూనే ఉంది.

"మా అమ్మ నీ దగ్గర మాట తీసుకుందా?"

"నీ మంచికే."

"నాకు చెప్పకుండా?"

పళ్ళమ్మాయి ట్రేలో పళ్ళు సర్దసాగింది.

"నా జబ్బు నాది," అంది నిచ్చెన. గొంతు పెంచలేదు. "దాన్ని మా అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, ఆ తాళం నువ్వు కాపలా కాస్తే, మధ్యలో నేనెవర్ని? పద, వెళ్దాం."

"కన్సల్టెంటు గారు ఏం చెప్పాలో ముందు..."

"ఏం చెప్పాలో నాకెవరూ నేర్పక్కర్లేదు. నాకు గుర్తున్నది నేను చెప్తాను. అంతకన్నా కావాలంటే నేను రాను."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దారిలో కన్సల్టెంటు ఫోను చేశాడు. పళ్ళమ్మాయి తీయలేదు. నిచ్చెన కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఏం చెబుతుందో తెలియదు. మధ్యలో బిగుసుకుపోతుందేమో తెలియదు. దీని వల్ల మళ్ళీ ఏదైనా అయితే వాళ్ళమ్మకి ఏ ముఖం చూపించాలి?

అధికారిణి గొంతు ఇంకా బాగుపడలేదు. ఇద్దర్నీ లోపలి గదిలోకి పిలిపించింది. పళ్ళమ్మాయిని మాట్లాడవద్దని ముందే చెప్పి, నిచ్చెన వైపు తిరిగింది.

నిచ్చెన తన పేరు చెప్పింది. ఏ ఆస్పత్రో చెప్పింది, ఏ మందులు వేసుకుందో, ఇప్పటికీ ఏది వేసుకుంటోందో చెప్పింది. గుడ్డ కొలతలు చెప్పినట్టు చెప్పింది.

"మీకోసమే ఈమె ఉండిపోయారన్నది నిజమేనా?"

"నిజమే. కానీ నేను ఉండమనలేదు."

పళ్ళమ్మాయి తలెత్తింది.

"వెళ్ళమన్నాను. టికెట్ ఉన్న రోజు పొద్దున చెప్పాను. ఆ తరువాత కూడా చెప్పాను. ఒకరోజు గిన్నె విసిరి మరీ చెప్పాను. ఆమె కనుబొమ్మ పైన గీత ఉంటుంది చూడండి."

అధికారిణి చూసింది. పళ్ళమ్మాయి చెయ్యి తనకు తెలియకుండానే కనుబొమ్మ మీదికి వెళ్ళింది.

"మీరు వారాల తరబడి నోరు విప్పలేదని ఈమె చెప్పారు."

"ఎక్కువ విప్పలేదు. విప్పినప్పుడు ఆ మాటే అన్నాను. నా వల్ల దీని చదువు పోతోందని నాకు తెలుస్తూనే ఉంది. జబ్బులో ఉన్నా తెలివి ఎక్కడికీ పోదు కదా. ఆమె వినలేదు. జబ్బు మనిషి మాటే కదా అని లెక్కలోకి తీసుకోలేదు."

అయిపోయింది అనుకుంది పళ్ళమ్మాయి. కన్సల్టెంటు చెప్పిన పొంతన నడిమికి విరిగి బల్ల మీద పడి ఉంది. అయినా వింతగా ఆ క్షణాన ఆమె ఆలోచించింది వీసా గురించి కాదు. ఆ మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వినబడుతున్నాయి. వెళ్ళు. నువ్వు వెళ్ళిపో. నీకు చెప్తున్నాను. గిన్నెలో అన్నం నేలంతా చెదిరితే, పాపం దానికేం తెలుసు అనుకుంటూ తను ఊడ్చి ఎత్తింది. ఊడ్చినంతసేపూ సందులోంచి ఆ కళ్ళు తనకేసే చూస్తున్నాయి. ఎన్నిసార్లు ఈ కథ మనసులో చెప్పుకున్నా ఆ మాట మాత్రం అందులోకి రానివ్వలేదు.

"అయితే ఈమె ఉండిపోవడం తప్పంటారా?" అడిగింది అధికారిణి.

నిచ్చెన ఆలోచించింది. "ఉండకపోతే ఈరోజు మీ ఎదుట కూర్చుని ఉండేదాన్ని కాదు. అయినా వెళ్ళమన్నది నేనే. రెండూ నిజమే. ఏది రాసుకుంటారో మీ ఇష్టం."

అధికారిణి జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని, పళ్ళమ్మాయి వైపు తిరిగింది. "ఈమె వెళ్ళమన్నారా?"

"అన్నదండీ," అంది పళ్ళమ్మాయి. "చాలాసార్లు అంది. నేనే మీకు చెప్పలేదు."

పెన్సిలు ఫైలులో ఏదో రాసింది. రాయడం చాలాసేపే సాగింది. "కూడబలుక్కుని వచ్చేవాళ్ళని రోజూ చూస్తుంటాను," అంది అధికారిణి తల ఎత్తకుండానే. "ఒకరి మాట ఇంకొకరి మాట మీద సరిగ్గా కూర్చుంటుంది. మీ ఇద్దరికీ ఆ పని చెయ్యాలన్నా చేతకాదు." తరువాత పాస్‌పోర్టు తన వైపుకి లాక్కుంది, ఈసారి చేత్తోనే. "ఇది ఇక్కడ ఉంచి వెళ్ళండి. ముద్ర వేసి పంపుతాం. ఈసారి గడువు విషయంలో ఏ ఇబ్బంది వచ్చినా ముందు అక్కడి ఆఫీసుకు చెప్పండి."

బయటికి వచ్చాక పళ్ళమ్మాయి మెట్ల మీదే కూలబడింది. నిచ్చెన పక్కన కూర్చోలేదు. ఎండ పడకుండా అడ్డంగా నిలబడింది.

"నాకు వినపడింది అప్పుడు," అంది పళ్ళమ్మాయి. "వినపడనట్టు ఊరుకున్నాను."

"తెలుసు."

"నా మీద కోపంగా ఉందా?"

"చాలా రోజులు ఉంది. అన్నం పెట్టిన మనిషి మీద కోపం తెచ్చుకోవడమెంత కష్టమో నీకు తెలీదు. ఎవరికి చెప్పుకున్నా నన్నే తప్పు పడతారు." కొంచెం ఆగి, "ఇప్పుడు చెప్పేశాగా. లే. మా ఇంటికి వెళ్దాం. అమ్మకి ఇది వేరేవాళ్ళ నోటి వెంట తెలియకూడదు" అంది.

దారంతా పళ్ళమ్మాయి మనసులో వాక్యాలు కూర్చుకుంటూనే ఉంది. పిన్నిగారూ, మీరు కంగారు పడకండి, నేను ఉన్నాను కదా, పక్కనే కూర్చున్నాను, ఒక్క మాట కూడా బయటికి పోదు... ఇంటి ముందుకు వచ్చేసరికి అన్నీ వరుసగా సిద్ధమయ్యాయి.

తలుపు తీసిన తల్లి ఇద్దర్నీ కలిపి చూసి, గడపలోనే ఆగిపోయింది. కూతురి ముఖంలోకి చూడలేదు. నేరుగా పళ్ళమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ అలాగే పట్టుకునేది.

"ఏమైందమ్మా? ఎలా ఉంది దానికి? ఏమన్నా అందా?"

సిద్ధం చేసుకున్న మాటలన్నీ పళ్ళమ్మాయి నాలుక చివర నిలబడ్డాయి. వాటిని అక్కడే ఆపి, ఆవిడ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఒక అడుగు పక్కకి జరిగింది.

"పక్కనే ఉందిగా పిన్నిగారూ. దాన్నే అడగండి."